శ్రీ రూట్ గారి దివ్యసముఖానికి

అయ్యా రూట్ గారూ,

రుషికొండ ఐటీ హిల్ మీద ఓ ఆఫీసులో పొట్టపోసుకునే మామూలు యూజర్‌ని. తమరేమో లినక్స్ మెషీన్లలో సర్వాధికారాలూ ఉన్న అడ్మిన్ ఖాతా, యూజర్ ఐడీల్లో తమరిది సున్నా. మా దగ్గర సున్నా తెచ్చుకున్నవాణ్ణి ఇంట్లో తిడతారు. మీ లోకంలో సింహాసనం ఎక్కిస్తారట.

మా సింహాద్రి అప్పన్న కూడా ఏడాదికోసారి, అక్షయ తృతీయ నాడు, చందనం తీయించుకుని నిజరూప దర్శనం ఇస్తాడు. తమరికి అదీ లేదు. ఓ సాఫ్ట్‌వేర్ ప్యాకేజీ వేయమని టికెట్ పెట్టి మూడు వారాలు. 'పరిశీలనలో ఉంది.'

నేనేం ఆస్తి రాసిమ్మన్నానా? మా సీ ప్లస్ ప్లస్ కోడ్ ఒక్క మెషీన్‌లో బిల్డ్ అవడానికి నలభై నిమిషాలు. ఖాళీగా పడున్న మెషీన్లు ఇంకో మూడున్నాయి. లాగిన్ ఉంది, వాడుకోమని మేనేజర్ కూడా అన్నారు. ఒక్క ప్యాకేజీ వేయాలంటే మాత్రం తమరు కరుణించాలి.

కరుణించకండి. కంపైల్ చేసే పనిని పక్క మెషీన్లకు పంచిపెట్టే డిస్ట్‌సీసీ సోర్సు తెచ్చుకుని నా హోమ్ డైరెక్టరీలోనే ఇన్‌స్టాల్ చేసుకున్నాను. 2002లో మార్టిన్ పూల్ విడుదల చేసిన ఈ ప్రోగ్రామ్‌కి తమరితో పనే లేదు. 1024 లోపు పోర్టులు తమరి జాగీరు కదా, ఇది వాడేది 3632. పైగా అవతల మెషీన్లో వెనకాల కూర్చుని పని అందుకునే దీని డీమన్‌ని తమరే లేపినా, ముందు తమరి హోదా వదిలేసి మామూలు యూజర్‌గా మారాకే పనిలోకి దిగుతుంది! ఇది తెలిసిన సాయంత్రం ఆర్కే బీచ్‌లో మూరీ మిక్చర్ రెండు పొట్లాలు తిన్నాను.

పోర్టు తెరిచి పెడితే దారినపోయేవాళ్లంతా దూరతారని, లాగిన్ ఉన్నవాళ్లనే రానిచ్చే ఎస్ఎస్‌హెచ్ దారి పట్టాను. పరువు పోయింది ఇక్కడే. బిల్డ్ నడుస్తోంది, నా ల్యాప్‌టాప్ ఫ్యాన్ మాత్రం పిండిమరలా మోగుతోంది. అవతల మెషీన్లలో, ఏ పని నడుస్తోందో చూపే 'టాప్' కొట్టి చూస్తే అన్నీ కునుకు తీస్తున్నాయి. పని పంపడం కుదరకపోతే డిస్ట్‌సీసీ ఓ హెచ్చరిక లైను రాసేసి ఇక్కడే కంపైల్ చేస్తుంది. అంత ప్రవాహంలో ఆ లైను ఎవడు చదివాడు? ఇలా ఇక్కడే చేసేసుకునే ఫాల్‌బ్యాక్ ఆపేస్తే గుట్టు బయటపడింది: 'కమాండ్ నాట్ ఫౌండ్'. ఎస్ఎస్‌హెచ్‌లో అలా వెళ్లినప్పుడు డీమన్ ఉన్న నా హోమ్‌లోని బిన్ ఫోల్డర్, కమాండ్ల కోసం వెతికే చోట్ల జాబితా అయిన పాత్‌లో ఉండదు. హోస్టుల జాబితాలో మెషీన్ పేరు తర్వాత కోలన్ పెట్టి డీమన్ పూర్తి దారి రాశాను. అంతే, అన్నీ లేచాయి.

మూడోదాంట్లో కంపైలర్ జీసీసీ పాతది, దాన్ని పక్కన పెట్టేశాను. కంపైలైన ముక్కలన్నీ కలిపే లింకింగ్ ఇప్పటికీ నా మెషీన్ మీదే, దాని ఖర్మ. అయినా పదిహేడు నిమిషాల్లో అయిపోతోంది.

నిన్న మెయిల్ వచ్చింది. 'యూజర్ నుంచి స్పందన లేనందున టికెట్ మూసివేయడమైనది.'

ఇట్లు,
యూజర్ ఐడీ 1007

తా.క. ఆ మూడో మెషీన్‌లో కొత్త జీసీసీ నా హోమ్‌లోనే కట్టుకుందామంటే డిస్క్ కోటా చాలడం లేదు. మళ్లీ టికెట్ పెట్టాను. చందనోత్సవానికల్లా చూడండి.