ఆర్టోస్ తాగండి, మందని చెప్పి పిల్లలకు మాత్రం పోయకండి

ఎండలు ముదిరాయంటే చాలు, స్నేహితుల గ్రూపుల్లో ఆ మెసేజ్ మళ్లీ దిగుతుంది. "విదేశీ కోలాలు మానండి, మన ఆర్టోస్ తాగండి. స్వచ్ఛమైన ద్రాక్షరసం. షుగర్ ఉన్నవాళ్లూ తాగొచ్చు. పిల్లలకు విరేచనాలైతే ఓఆర్ఎస్ కన్నా బాగా పనిచేస్తుంది. వందేళ్లుగా తాగుతున్నారు, ఎవరికీ ఏమీ కాలేదు. పెద్ద కంపెనీలే కుట్ర చేసి తొక్కేశాయి." పంపేవాళ్లలో చదువుకున్నవాళ్లే ఎక్కువ.

ఆర్టోస్ మీద నాకు కోపం లేదు. 1919లో రామచంద్రపురంలో మొదలై, గోదావరి జిల్లాల బడ్డీకొట్లలో ఇప్పటికీ పేరు పెట్టి అడిగి తాగే డ్రింకు అది. మూత తీయగానే ముక్కుకెక్కే ఆ ద్రాక్ష వాసన నాకూ ఇష్టమే.

ద్రాక్షరసమా? సీసా తిప్పి పదార్థాల వరుస చదవండి. ఎక్కువున్నది ముందు రాయాలన్నది రూలు. గ్యాసు నీళ్లు, చక్కెర ముందుంటే అది కూల్‌డ్రింకే.

వందేళ్ల మాటంటారా, చుట్ట అంతకన్నా ముందు నుంచీ కాలుస్తున్నారు.

ఇక షుగర్. ఇలాంటి తీపి డ్రింకుల్లో చాలావాటికి 100 మి.లీ.లో 10 గ్రాములకు అటూఇటూగా చక్కెర ఉంటుంది. 250 మి.లీ. తాగితే ఐదారు చెంచాలు. అది రామచంద్రపురం చక్కెరా, కోకాకోలా వాళ్ల ఊరు అట్లాంటా చక్కెరా అని రక్తం అడగదు.

నాకు ఒళ్లు మండేది విరేచనాల మాట దగ్గర. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన ఓఆర్ఎస్‌లో లీటరు నీటికి గ్లూకోజు 13.5 గ్రాములు, ఉప్పు 2.6, పొటాషియం క్లోరైడ్ 1.5, ట్రైసోడియం సిట్రేట్ 2.9. పేగు గోడలోంచి గ్లూకోజు, సోడియం జంటగా లోపలికి వెళ్తాయి, వాటి వెంట నీరు వెళ్తుంది. అందుకే ఆ కొలతలు. కూల్‌డ్రింకులో లీటరుకు దాదాపు 100 గ్రాముల చక్కెర, ఉప్పు నామమాత్రం. అంత తీపి పేగులో పడితే ఒంట్లో ఉన్న నీరు కూడా పేగులోకే వస్తుంది, విరేచనాలు ఇంకా ఎక్కువవుతాయి. "సీసాడు తాగింది, ఫర్వాలేదు" అని ఇంట్లోవాళ్లు నిశ్చింతగా ఉంటారు. ఈలోగా పిల్ల కళ్లు లోతుకు పోతాయి, నోరు ఎండుతుంది, మూత్రం తగ్గిపోతుంది. మెసేజ్ పంపిన బాబాయిగారు వచ్చి సెలైన్ ఎక్కిస్తారా?

తీపి డ్రింకుల డబ్బాల మీద ఓఆర్ఎస్ అన్న పేరు ఉండకూడదని హైదరాబాద్‌లో పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. చివరికి 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ దాన్ని ఆపించింది. ఆవిడ అంత కష్టపడి డబ్బాల మీద చెరిపించిన అబద్ధాన్ని మనం వాట్సాప్‌లో పైసా ఖర్చు లేకుండా మళ్లీ రాస్తున్నాం. శభాష్!

ఓఆర్ఎస్ పొట్లం ఆశా కార్యకర్తనడిగితే ఉచితంగా ఇస్తారు. కాచి చల్లార్చిన నీళ్లలో, పొట్లం మీద రాసిన కొలతకే కలిపి, చెంచాతో కొద్దికొద్దిగా పట్టాలి. దాంతోపాటు డాక్టరు చెప్పిన మోతాదులో జింకు బిళ్లలు 14 రోజులు.

కుట్ర సంగతి. కుట్ర అనను కానీ, ఇందులో నిజముంది, ఒప్పుకుంటాను. కొట్టువాడికి ఫ్రిజ్ ఊరికే ఇచ్చి, అందులో తమ సీసాలే పెట్టమనే కంపెనీలతో ఊరి డ్రింకు ఎలా నెగ్గుకొస్తుంది? మండుటెండలో చల్లగా లేని సీసా ఎవరు కొంటారు? దేశమంతా అమ్ముడుపోయే థమ్సప్పే 1993లో కోకాకోలా చేతికి పోయింది. అలాంటి బజారులో ఆర్టోస్ నిలబడటం చిన్న విషయం కాదు. అది రాసి పంపండి, నేనూ పదిమందికి పంపుతాను.