అడ్డంకి అద్దాల బల్ల దగ్గరే

సరిహద్దు ప్రాంతాల మీదుగా ఎగిరే విమానాలకు జీపీఎస్ సంకేతాలు చెదిరిపోవడం, దొంగ సంకేతాలు తగలడం ఇప్పుడు అరుదేమీ కాదు. 2023 నవంబరు నుంచి 2025 ఫిబ్రవరి వరకు అలాంటి ఘటనలు 465 నమోదయ్యాయని కేంద్రమే పార్లమెంటుకు చెప్పింది. ఎక్కువ భాగం అమృత్‌సర్, జమ్మూ పరిసరాల్లోవే. ఉపగ్రహాన్ని నమ్మలేని చోట వాహనం తన కదలికను తానే కొలుచుకోవాలి. ఇప్పుడున్న గైరోలు (మలుపులను కొలిచే పరికరాలు) ఆ పని చేస్తున్నా, గంటలు గడిచేకొద్దీ వాటి లెక్కలో పొరపాట్లు పోగుపడతాయి. ఆ లోటు తీర్చగలిగినవి పరమాణు సెన్సర్లు.

సూత్రం పాతదే. 1991లో స్టాన్‌ఫర్డ్‌లో భౌతిక శాస్త్రవేత్తలు మార్క్ కాసెవిచ్, స్టీవెన్ చూ లేజర్‌తో చల్లబరిచిన పరమాణువులతో గురుత్వ త్వరణాన్ని కొలిచారు. మొదటి లేజర్ మెరుపు పరమాణు తరంగాన్ని రెండు దారులుగా చీలుస్తుంది, రెండోది మళ్లిస్తుంది, మూడోది కలుపుతుంది. వాహనం వేగం మారినా, మలుపు తిరిగినా కలిసే చోట ఆ తేడా బయటపడుతుంది. ఈ సెన్సర్లలో ఎక్కువగా వాడే రుబీడియం పరమాణువు ఎక్కడైనా ఒకటే, ఎన్నేళ్లయినా అరగదు. మరి మూడు దశాబ్దాలు దాటినా ఇవి మామూలు విమానాల్లోకి ఎందుకు రాలేదు? ప్రధాన కారణం లేజర్లు, వాటి కాంతిని మళ్లించే అద్దాలు అమర్చిన బల్లే.

పరమాణువుల మేఘాన్ని పట్టి ఉంచడానికి సాధారణంగా ఆరు వైపుల నుంచి కిరణాలు కావాలి. చల్లబరచడానికి ఒక పౌనఃపున్యం, జారిపోయిన పరమాణువులను వెనక్కి తేవడానికి ఇంకొకటి, చీల్చి కలపడానికి 6.8 గిగాహెర్ట్జ్ తేడా ఉన్న జంట, చివర లెక్కించడానికి మరొకటి. అన్నీ 780 నానోమీటర్ల దగ్గరివే అయినా ఒకటి చేసే పని మరొకటి చేయదు. ఆ కాంతి దూరాల్సిన ఫైబర్ దారి వెడల్పు సుమారు ఐదు మైక్రాన్లు. గది వేడి కాస్త మారి ఒక అద్దం స్టాండు వెంట్రుకవాసి వాలినా లోపలికి వెళ్లే కాంతి తగ్గుతుంది, మేఘం పలచబడుతుంది, కొలత చెడుతుంది. గుంతల రోడ్డు మీద లారీలో ఈ బల్ల ఎంతసేపు నిలుస్తుంది?

అందుకే ఇప్పుడు అసలు పని కాంతి వైపే జరుగుతోంది. గ్లాస్గోలోని స్ట్రాత్‌క్లైడ్ విశ్వవిద్యాలయం సన్నని గీతలు చెక్కిన చిప్‌పై ఒకే కిరణం పడేసి ఆరు కిరణాల పని చేయించింది. టెలికం రంగంలో రాటుదేలిన 1560 నానోమీటర్ల లేజర్‌ను స్ఫటికం గుండా పంపి సరిగ్గా 780కి తెచ్చే పద్ధతి మరొకటి. అమెరికాలోని శాండియా ప్రయోగశాల 2024లో ప్రకటించిన సిలికాన్ మాడ్యులేటర్ (లేజర్ కాంతి పౌనఃపున్యాన్ని మార్చే పరికరం) మాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపిస్తోంది. ఒకే లేజర్ నుంచి అనేక పౌనఃపున్యాలు పుట్టించాలని మామూలు మాడ్యులేటర్ వాడితే అక్కర్లేని జంట కాంతి కూడా పుట్టి, పరమాణువులను తప్పుదారి పట్టించి కొలతలో దోషం తెస్తుంది. శాండియా చిప్ ఆ అనవసర కాంతిని అణచివేస్తుంది. అనవసర కాంతిని అణిచే మాడ్యులేటర్ బజారులో ఒక్కోటి 10 వేల డాలర్లకు పైనే. చిప్పులైతే ఒకే సిలికాన్ పలకపై గుత్తగా తయారవుతాయి.

మన జాతీయ క్వాంటమ్ మిషన్‌కు 2023లో 6,003 కోట్ల రూపాయలు కేటాయించారు. సెన్సర్ల కేంద్రం ఐఐటీ బాంబేకు దక్కింది. చిప్పుపైనే కాంతిని నడిపే సిలికాన్ ఫొటోనిక్స్‌లో ఐఐటీ మద్రాసుకు, క్షిపణుల గైరోల్లో హైదరాబాద్‌లోని రక్షణ ప్రయోగశాల రీసెర్చ్ సెంటర్ ఇమారత్‌కు అనుభవం ఉంది. ఈ మూడింటినీ ఒకే పనికి కట్టేయాలి. అమరావతి క్వాంటమ్ వ్యాలీ చర్చ అంతా కంప్యూటర్ల చుట్టూనే తిరుగుతోంది. అక్కడా ఫొటోనిక్ చిప్పుల తయారీకి, పరీక్షకు చోటు కేటాయించాలి. సెన్సర్ ప్రాజెక్టులకు చివరి విడత నిధులు ఇచ్చే ముందు ఆ పరికరాన్ని కదిలే వాహనంలో నడిపి చూపించమని అడగాలి.