"తొంభై ఒకటి కదా, ఇంకేం కావాలి" అని నాతో అనకండి

నాన్న పోయి ఇరవై రోజులైంది. ఈ ఇరవై రోజుల్లో నేను ఎక్కువగా విన్న మాట ఒకటే. "తొంభై ఒక్క ఏళ్ళు బతికారు, మునిమనవల్ని ఎత్తుకున్నారు, పండులా రాలిపోయారు. ఇంకేం కావాలమ్మా?" అన్నవాళ్ళందరూ మంచివాళ్ళే, ఓదార్చడానికే అన్నారు. కానీ ఆ మాట విన్న ప్రతిసారీ ఇంక నేను ఏడవకూడదేమో అనిపించి కళ్ళు తుడుచుకున్నాను. అలా తుడుచుకోవడం ఇక నావల్ల కాదు.

నాకు 57 ఏళ్ళు. నాన్న లేని రోజు ఎలా ఉంటుందో మొన్నటిదాకా తెలియదు. పసితనంలోనే తండ్రిని పోగొట్టుకున్నవాళ్ళ బాధతో నాది పోల్చను. అయినా ఇన్నేళ్ళు ఉన్న మనిషి కాబట్టే కదా లేకపోవడం ఇంత పెద్దగా కనిపిస్తోంది! రోజూ రాత్రి ఎనిమిదిన్నరకి మా నలుగురికీ వరసగా ఫోన్ చేసేవారు. "ఏటే గుంటా, తిన్నావా?" అంతే, నిమిషం కూడా పట్టదు. నేను అమ్మమ్మనైపోయినా ఆయనకి గుంటనే, చిన్నపిల్లనే. ఇప్పటికీ ఆ టైముకి ఫోన్ చేతిలోకి తీసుకుంటున్నాను.

నాన్న 1933లో పుట్టారు. విశాఖ పోర్టు మొదలైంది కూడా ఆ ఏడాదే. "పోర్టూ నేనూ ఒక ఈడువాళ్ళం" అని చెప్పుకునేవారు. 1948లో నెహ్రూ వచ్చి, విశాఖ షిప్‌యార్డులో కట్టిన జలఉష ఓడని నీళ్ళలోకి వదిలిన రోజు జనంలో నిలబడి చూశారట. తర్వాత ఆ షిప్‌యార్డులోనే వెల్డర్‌గా చేరి 36 ఏళ్ళు పనిచేశారు. మల్కాపురంలో రెండు గదుల ఇల్లు. జీతం కవరు విప్పకుండా అమ్మ చేతిలో పెట్టేవారు. ఓటీ (ఓవర్‌టైమ్) డబ్బులు మా ముగ్గురు ఆడపిల్లల ఫీజులకి. ఓటీ ఎక్కువైన రోజుల్లో వెల్డింగ్ వెలుగుకి కళ్ళు మండిపోయి, బంగాళాదుంప చక్రాలు కోసి కళ్ళ మీద పెట్టుకుని పడుకునేవారు. కూర చెయ్యడానికి దుంపలు లేవని అమ్మ విసుక్కున్న రోజులు కూడా గుర్తున్నాయి. ఆ దుంపలే మా డిగ్రీలు.

1971 యుద్ధం రోజుల్లో ఊరంతా దీపాలు ఆర్పేసుకున్నప్పుడు నేను పసిదాన్ని. పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మన తీరం దగ్గర మునిగిన రాత్రి నన్ను ఒళ్ళో పెట్టుకుని తెల్లారేదాకా గుమ్మం దగ్గరే కూర్చున్నారని అమ్మ చెప్పేది.

అమ్మకి 2008లో పక్షవాతం వచ్చింది. కుడివైపు పడిపోయింది. అప్పటికి నాన్నకి 75. అంతవరకూ స్టవ్ వెలిగించడం కూడా రాని మనిషి. మనిషిని పెడదామని మేమంటే వద్దన్నారు. గంజి కాచడం, పక్క మార్చడం, ఒళ్ళు తుడవడం అన్నీ నేర్చుకున్నారు. జడ మాత్రం చాన్నాళ్ళు కుదర్లేదు. మూడు పాయలూ సమానంగా వచ్చేవి కాదు, సాయంత్రానికి ఊడిపోయేది. పక్కింటి పదేళ్ళ పాపని పిలిచి, తాడు ముక్క మీద అల్లించుకుని నేర్చుకున్నారు. తొమ్మిదేళ్ళు రోజూ ఆ జడ వేశారు. నూనె రాసి, చిక్కు తీసి, అద్దం పట్టుకుని "సరిపోయిందా?" అని అడిగేవారు. అమ్మకి మాట స్పష్టంగా వచ్చేది కాదు. బాగోకపోతే మొహం తిప్పేసుకునేది. మళ్ళీ విప్పి వేసేవారు.

హుద్‌హుద్ తుఫాను వచ్చిన 2014 అక్టోబర్ 12న వాళ్ళిద్దరే ఉన్నారు. కిటికీ రెక్క ఊడిపోతే అమ్మ మంచాన్ని ఒక్కరే వంటగదిలోకి లాగారు, 81 ఏళ్ళ వయసులో. కరెంటు లేదు, ఫోన్లు లేవు. మధురవాడ నుంచి కూలిన చెట్లు దాటుకుంటూ మూడో రోజుకి గాని నేను చేరలేకపోయాను. వెళ్ళేసరికి అమ్మ పక్కన కూర్చుని విసనకర్రతో విసురుతున్నారు. నన్ను చూసి అడిగిన మొదటి మాట, "తిన్నావా?"

ఇలాంటి మనిషిని మొన్న ఆసుపత్రిలో ఒక కుర్ర డాక్టరు చూసి, ఆయన మంచం పక్కనే నిలబడి, "ఈ వయసులో ఇంకేం ఆశిస్తాం" అన్నాడు. నాన్నకి చెవులు బాగానే వినిపిస్తాయి. ఆ మాట విని కళ్ళు మూసుకున్నారు. చెయ్యగలిగింది ఏమీ లేకపోవచ్చు. ఆ సంగతి ఆయన చెయ్యి పట్టుకుని ఆయనకే చెప్పొచ్చు కదా! వయసు చూసి మనిషిని లెక్కలోంచి తీసేయడం ఆసుపత్రిలోనే మొదలవుతోంది. ఆ తర్వాత పలకరించడానికి ఇంటికి వచ్చేవాళ్ళు కూడా అదే లెక్క చెబుతున్నారు.

ఇలాంటి ఇంటికి వెళ్ళినప్పుడు దయచేసి వయసు ఊసెత్తకండి. ఆయన గురించి మీకు తెలిసింది ఏదైనా ఒకటి చెప్పండి. ఏమీ తెలియకపోతే ఊరికే కూర్చోండి, చాలు.

పదకొండో రోజున నాన్నతో పనిచేసిన పెద్దాయన ఒకరు కర్ర పట్టుకుని, మనవడి భుజం ఆసరాతో వచ్చారు. నాన్న వయసు గురించి ఒక్క మాట ఎత్తలేదు. గంట సేపు షిప్‌యార్డు కబుర్లు చెప్పారు. "మీ నాన్న కేరేజీ తెరిస్తే నలుగురికీ పంచేవోడమ్మా. మీ అమ్మ వంకాయ కూర పెట్టిన రోజు మాత్రం మా వైపు తిరిగేవోడు కాదు, గోడకేసి కూకుని తినేవోడు" అన్నారు.

నాన్న పోయాక మేం నలుగురం కలిసి మొదటిసారి నవ్వింది అప్పుడే. నవ్వుతూనే అందరం ఏడ్చాం. ఆ పెద్దాయన ఆపమనలేదు.