బస్సు తిరిగే దారిలో పార్కింగ్ వద్దు

హైదరాబాద్‌లో చిలకలగూడ నుంచి వారాసిగూడ వైపు వెళ్లే రోడ్డయినా, మల్కాజిగిరి లోపలి దారులయినా, పాతబస్తీలో శాలిబండ అయినా సాయంత్రమైతే ఇదే అవస్థ. ఎదురెదురుగా రెండు సిటీ బస్సులు వస్తాయి. రెండు పక్కలా కార్లు నిలిపి ఉంటాయి. ఒక బస్సు వెనక్కి తగ్గాలి. తగ్గడానికి చోటేదీ? వెనక అప్పటికే ఆటోలు, బైకులు కిక్కిరిసి ఉంటాయి. కండక్టర్ కిందికి దిగి అందరినీ బతిమాలుకోవాలి. కారు యజమాని దుకాణంలో పని ముగించుకుని వచ్చేదాకా, సీట్లలో ఉన్నవారూ నిలబడ్డవారూ అలా ఉక్కపోతలో ఉండాల్సిందే.

రోడ్డు ఇరుకు కాబట్టి ఇంతేనని సర్దుకుపోతున్నాం. టేపు పెట్టి కొలిచి చూస్తే ఆ మాట నిలవదు. 40 అడుగుల రోడ్డునే తీసుకుందాం. ఫుట్‌పాత్‌లకు చెరో ఐదడుగులు పోతే 30 అడుగులు మిగులుతాయి. సిటీ బస్సు వెడల్పు దాదాపు ఎనిమిదిన్నర అడుగులు. రెండు బస్సులు పక్కపక్కనే దాటినా ఇంకా 13 అడుగుల చోటుంటుంది. రెండు వైపులా కార్లు నిలిపితే మాత్రం, పక్కన వదిలిన సందుతో కలిపి చెరో ఏడడుగులు పోయి, మిగిలేది 16 అడుగులే. రెండు బస్సులకు అద్దాలు కాకుండానే 17 కావాలి. ఒక పక్క పార్కింగ్ తీసేసినా చాలు, 23 అడుగులు దొరికి బస్సులు సాఫీగా పోతాయి. ఇంత చిన్న లెక్కను పక్కన పెట్టి రోడ్డు వెడల్పు చేయాలంటూ ఇళ్ల ముందు గోడలకు ఎర్ర గుర్తులు వేస్తున్నారు. ఇంటి ముందు భాగం పోగొట్టుకున్న కుటుంబానికి ఆ త్యాగం వల్ల బస్సు వేగంగా వెళ్లిందన్న తృప్తి కూడా దక్కడం లేదు. వెడల్పు చేసిన మేరకు మళ్లీ కార్లే వచ్చి ఆగుతున్నాయి.

ఆలస్యం ఆ ఒక్క మలుపుతో పోదు. బస్సు అక్కడ చిక్కుకుంటే తర్వాతి స్టాపులన్నింటిలో జనం పెరుగుతారు. అంతమందిని ఎక్కించుకోవడానికి ఇంకా ఆలస్యం. ఈలోగా వెనక బస్సు వచ్చి కలుస్తుంది. అరగంట సేపు ఒక్క బస్సూ రాకుండా, ఒకే నంబరువి రెండు మూడు వరుసగా రావడం మనందరికీ అనుభవమే. డ్యూటీ టైమ్ అయిపోయేసరికి చివరి ట్రిప్పు కట్ అవుతుంది. మొదటి గేరులో పాకుతూ పోయినందుకు డీజిల్ ఖర్చు పెరిగి, డిపోలో కేఎంపీఎల్ (లీటరు డీజిల్‌కు నడిచే కిలోమీటర్లు) తగ్గిందని డ్రైవర్ సంజాయిషీ చెప్పుకోవాల్సి వస్తుంది. ట్రిప్పులు తగ్గితే ప్రయాణికులు విసిగి బైకు కొనుక్కుంటారు. అదీ ఆ రోడ్డు మీదే చోటు వెతుక్కుంటుంది.

బస్‌స్టాపుల పరిస్థితి మరీ ఘోరం. స్టాపు ముందు కారో, ఆటోనో నిలిచి ఉంటే బస్సు ఫుట్‌పాత్ పక్కకు రాలేదు, నడిరోడ్డు మీదే ఆగుతుంది. చంకలో బిడ్డ, చేతిలో సంచితో ఉన్న తల్లి రోడ్డు మధ్యకు పరుగెత్తాలి. దిగేవారికి ఎడమ పక్క నుంచి బైకు దూసుకొస్తుందేమోనన్న టెన్షన్. ముసలివాళ్లకు, దివ్యాంగులకు వీలుగా ఉంటాయని తెచ్చిన లోఫ్లోర్ బస్సు కూడా ఫుట్‌పాత్ అంచుకు రాలేకపోతే ఆ సదుపాయం సగం వృథా. బస్‌స్టాపు దగ్గర వాహనం నిలపకూడదని 1989 నాటి రోడ్డు నియమాల్లోనే చెప్పారు. తెలంగాణలో 2023 డిసెంబర్ 9న, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న మహిళలకు ఉచిత బస్సు ప్రయాణం మొదలైంది. టికెట్ భారం తీసేయడం మంచి పని, దాన్ని మనస్ఫూర్తిగా సమర్థిస్తున్నాం. బస్సు వేళకు వచ్చి, స్టాపులో క్షేమంగా ఎక్కించుకున్నప్పుడే ఆ మేలు పూర్తిగా అందుతుంది.

కారున్నవారందరినీ దోషులుగా నిలబెట్టడం మా ఉద్దేశం కాదు. పాత కాలనీల్లో ఇంట్లో బండి పెట్టుకునే చోటు నిజంగానే లేదు. కానీ చోటు ఉండాల్సిన భవనాల్లో ఏం జరిగిందో కూడా చూడాలి. 2012లో వచ్చిన భవన నిబంధనల జీవో 168 ప్రకారం నిర్మాణాన్ని బట్టి ఇంత శాతం పార్కింగ్‌కు వదలాలి, దాన్ని వేరే పనికి వాడకూడదు. ఎన్నో వాణిజ్య భవనాల సెల్లార్లలో ఇవాళ గోదాములు, ల్యాబులు, కోచింగ్ తరగతులు నడుస్తున్నాయి. కింద ఉండాల్సిన కార్లు రోడ్డెక్కాయి. సెల్లార్‌కు అద్దె వసూలు చేసుకుంటున్నది ఒకరు, దాని నష్టం భరిస్తున్నది బస్సులోని జనం. ఈ సెల్లార్లను ఖాళీ చేయించకుండా రోడ్డు మీది కార్లకు మాత్రమే చలాన్లు రాస్తే అది న్యాయం అనిపించుకోదు.

పార్కింగ్ తీసేస్తే గిరాకీ పోతుందని దుకాణదారులు భయపడుతున్నారు. ఆ భయాన్ని కొట్టిపారేయలేం. అయితే పొద్దున్నుంచి రాత్రి దాకా షాపు ముందు కదలకుండా ఉండే బండి చాలాచోట్ల షాపువారిదే. కోఠి, సుల్తాన్ బజార్‌లకు బస్సుల్లో వచ్చి కొనుక్కుపోయేవారు తక్కువేం కాదు. సరుకు దింపుకోవడానికి ఉదయం వేళ కేటాయిస్తే వ్యాపారానికి ఇబ్బంది ఉండదు.

రోడ్లు కదపాల్సింది మనుషుల్ని, వాహనాల్ని కాదని 2006 నాటి జాతీయ పట్టణ రవాణా విధానం చెప్పింది. పార్కింగ్ రుసుము ఆ నేల విలువకు తగ్గట్టు ఉండాలనీ చెప్పింది. హైదరాబాద్ ట్రాఫిక్ పోలీసులు 2022 అక్టోబర్‌లో ‘ఆపరేషన్ రోప్’ పేరుతో అడ్డదిడ్డపు పార్కింగ్ మీద గట్టిగానే కదిలారు. పోలీసు నిలబడి ఉన్నంతసేపే రోడ్డు ఖాళీగా ఉండే పద్ధతి మారాలి. జపాన్‌లో 1962 నుంచే బండి పెట్టుకునే చోటు చూపిస్తేగాని కారు నమోదు కాదు. కొండల మీది ఐజ్వాల్ నగరం కూడా గ్యారేజీ ఉంటేనే కారు అన్న దారి పట్టింది. కొత్తగా కొనే కార్లకైనా మన నగరాల్లో ఆ షరతు పెట్టడానికి ప్రభుత్వాలు సిద్ధపడాలి.

అదంతా జరిగేలోపు చేయగల పని ఒకటుంది. బస్సులు తిరిగే ఇరుకు రోడ్లలో కనీసం ఒక పక్క, బస్‌స్టాపులకు ముందూ వెనకా పూర్తిగా పార్కింగ్ నిషేధించాలి. బస్సు ఎక్కడ చిక్కుకుంటుందో డిపోల్లో ఏ డ్రైవర్‌ను అడిగినా చెబుతారు. ఆర్టీసీ, ట్రాఫిక్ పోలీసు, నగరపాలక సంస్థ అధికారులు ఒకే బస్సెక్కి సాయంత్రం ఆరు గంటలకు ఆ రూట్లలో తిరగాలని, జూన్‌లో బడులు తెరిచేలోపు గీతలు గీసి బోర్డులు పెట్టాలని, ఏ రోడ్డుకు ఏ అధికారి బాధ్యుడో ఆ బోర్డు మీదే రాయాలని కోరుతున్నాం.