పీజీ తప్పు పీజీకి తెలిస్తే ఎలా?

రేడియాలజీ (స్కాన్లు చదివే) శాఖల్లో తరతరాలుగా ఒక చక్కటి కట్టుబాటు నడుస్తోంది. అర్ధరాత్రి రెండింటికి పీజీ (స్పెషాలిటీ చదువుతున్న జూనియర్ డాక్టరు) సీటీ స్కాన్ చూసి ప్రిలిమినరీ (తొలి) రిపోర్టు రాస్తాడు. పొద్దున్నే ప్రొఫెసర్‌గారు వచ్చి, నాలుగు మాటలు దిద్ది, సైన్ చేస్తారు. అప్పటికి పీజీ హాస్టల్లో ముసుగుతన్ని పడుకుని ఉంటాడు. ఆయన సంతకం, ఇతని నిద్ర, రెండూ భద్రం. మూడేళ్లూ ఇలాగే గడిస్తే ఎవరి మనసూ నొచ్చుకోదు.

ఈ ప్రశాంతత మీద కన్నేసి రిపోర్టులు పోల్చే సాఫ్ట్‌వేర్లు వచ్చిపడ్డాయి. పీజీ రాసింది ఎడమవైపు, సైన్ అయింది కుడివైపు. తీసేసిన మాట ఎర్రగా, చేర్చిన మాట పచ్చగా కనిపిస్తాయి. ట్రైనీలు తమ పొరపాట్ల నుంచి నేర్చుకుంటారట! కొనక తప్పనప్పుడు కొనండి. కొన్నాక దాన్ని నిరపాయంగా మార్చుకోవడం పెద్ద పనేం కాదు.

మొదట నిల్వ సంగతి చూడాలి. రిపోర్టు హెచ్‌ఎల్‌7 (ఆస్పత్రి కంప్యూటర్లు మాట్లాడుకునే భాష) సందేశంగా ప్రయాణించేటప్పుడు దాని స్థితి ఒక అక్షరంలో ఉంటుంది: ప్రిలిమినరీ అయితే 'పి', ఫైనల్ అయితే 'ఎఫ్', తర్వాత సవరిస్తే 'సి'. 'పి' వచ్చినప్పుడు దాన్ని భద్రపరచకండి, అంతే. ఫైనల్ వచ్చి దాన్ని కప్పేశాక పోల్చమంటే రెండువైపులా ఒకే రిపోర్టు కనిపిస్తుంది. తేడా సున్నా, శాఖ మేలిమి బంగారం. 'సి'ని అసలు చదవనివ్వకండి. అది సర్జన్ ఫోన్ చేసి అరిచాక పుట్టే అక్షరం.

అసలు కిటుకు తేడాను కొలవడంలో ఉంది. దీనికి 1965 నాటి లెవెన్‌ష్టైన్ లెక్క సిద్ధంగా ఉంది: ఒక మాట ఇంకో మాటగా మారడానికి ఎన్ని అక్షరాలు చేర్చాలి, ఎన్ని తీయాలి, ఎన్ని మార్చాలి అని. ఇంగ్లిష్ స్పెల్లింగులో వేసి చూడండి. పీజీ 'అన్‌రిమార్కబుల్' (చెప్పుకోదగ్గదేం లేదు) అని రాస్తే ప్రొఫెసర్‌గారు అలవాటుకొద్దీ 'నార్మల్' చేశారు: తేడా 8. 'రైట్'ను 'లెఫ్ట్' చేశారు: 4. 'నో ఫ్రాక్చర్'లో 'నో' ఎగిరిపోయింది, ఖాళీ జాగాతో కలిపి 3. నాడ్యూల్ (ఊపిరితిత్తిలో చిన్న గడ్డ) కొలతలో 'ఎంఎం' కాస్తా 'సీఎం' అయింది: 1. అంటే, తక్కువ రిస్కు మనిషిలో మళ్లీ స్కాన్ కూడా మామూలుగా అడగనక్కర్లేని 5 మిల్లీమీటర్ల చుక్క, 5 సెంటీమీటర్ల మాస్‌గా మారడం ఈ లెక్కలో అన్నిటికన్నా చిన్న దిద్దుబాటు! జాబితాను పెద్ద తేడా పైకి వచ్చేలా అమర్చండి. పీజీ పైనున్న అయిదు చూసి, 'సార్‌కి నార్మల్ అంటే ఇష్టం' అన్న గొప్ప పాఠం నేర్చుకుని, విండో మూసేస్తాడు. ఏనుగు వెళ్లే దారి వదిలి చీమ కన్నం పూడ్చడమంటే ఇదే. ఫైనల్ సైన్‌తో పాటే టెంప్లేట్ అతికించే 'క్లినికల్ కోరిలేషన్ సజెస్టెడ్' (రోగి లక్షణాలతో పోల్చి చూసుకోండి) అన్న మాటను కూడా దిద్దుబాటు కిందే లెక్కించండి. ప్రతి రిపోర్టులోనూ పచ్చదనం పరుచుకుంటుంది.

కొందరు చాదస్తులు ఇంప్రెషన్ (చివర్లో రాసే తీర్పు) భాగాన్నే విడదీసి పోలుస్తారు. 'నో', 'రైట్', 'లెఫ్ట్', కొలతల యూనిట్లు మారితే ఎంత చిన్న తేడా అయినా జెండా ఎగరేస్తారు. సైన్ చేసే చోటే 'మాటల మార్పు', 'చిన్న తేడా', 'పెద్ద తేడా' అని మూడు బటన్లు పెట్టి, ఒకటి నొక్కందే ముందుకు కదలనివ్వరు. వీళ్లను కమిటీలోకి రానివ్వకండి.

అన్నిటికంటే ముఖ్యం, బొమ్మ చూపించకపోవడం. ప్రమాదం కేసులో కడుపు సీటీ వచ్చింది. పీజీ స్ప్లీన్ (ప్లీహం) చీలిక పట్టుకున్నాడు, సంబరపడ్డాడు, అక్కడితో వెతుకులాట ఆపాడు. పైస్లైసుల్లో ఊపిరితిత్తుల అడుగున సన్నటి న్యుమోథొరాక్స్ (ఊపిరితిత్తి చుట్టూ చేరిన గాలి) ఉంది. సాఫ్ట్ టిష్యూ విండోలో (మెత్తటి అవయవాలు బాగా కనిపించేలా నలుపు తెలుపులు సరిచేసిన చూపులో) గాలీ నలుపే, ఊపిరితిత్తీ నలుపే. సాఫ్ట్‌వేర్ 'స్మాల్ లెఫ్ట్ న్యుమోథొరాక్స్' అని పచ్చగా చూపిస్తుంది, పీజీ 'అయ్యో' అనుకుంటాడు. 'సీరీస్ 4, ఇమేజ్ 12, లంగ్ విండోలో చూడు' అని ఒక్క లైను రాసి, యాక్సెషన్ నంబరు (ఆ స్కాన్ గుర్తింపు సంఖ్య) నొక్కగానే ప్యాక్స్‌లో (స్కాన్ బొమ్మలు భద్రపరిచే వ్యవస్థలో) ఆ స్లైసే తెరుచుకునేలా చేస్తే ఇంకో కేసులో వదలడు. అందుకే ఆ లింకు బడ్జెట్‌లో పట్టదు.

ఇక ర్యాంకుల బోర్డు తప్పనిసరి. ఎవరికెన్ని ఎర్రమాటలు పడ్డాయో శాఖ గోడమీద వేలాడదీయండి. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు అన్నట్టు, వారం తిరక్కుండానే పీజీలంతా తెలివిమీరి ప్రతి రిపోర్టులో 'కెనాట్ బి రూల్డ్ అవుట్' (కాదని చెప్పలేం) అని రాయడం మొదలెడతారు. ఏదీ కాదనకపోతే తప్పెలా పడుతుంది? ప్రొఫెసర్‌గారికి 'సైన్ ఆల్' బటన్ కూడా ఉంటే నలభై రిపోర్టులు ఒక్క నొక్కుకి వెళ్లిపోయి, నూటికి నూరు ఏకాభిప్రాయం నమోదవుతుంది.

ఒక్క సదుపాయం దగ్గర మాత్రం జాగ్రత్త. కొన్ని సాఫ్ట్‌వేర్లు అక్కడితో ఊరుకోవు. రెండు వారాల తర్వాత బయాప్సీ రిపోర్టునో, ఆపరేషన్ నోట్సునో వెతికి తెచ్చి అదే కేసు పక్కన పెడతాయి. ఎడమవైపు పీజీ 'బినైన్' (క్యాన్సర్ కాదు) అన్నాడు, కుడివైపు ప్రొఫెసర్‌గారూ 'బినైన్' అన్నారు, తేడా సున్నా, పాథాలజీ మాత్రం ఇంకేదో అంది. ఎర్రరంగు ఎవరి పేరు మీద వేయాలో సాఫ్ట్‌వేర్‌కు తెలియదు, రెండు పేర్ల మీదా వేసేస్తుంది. టెండరు పత్రంలో ఆ పేరా ఏ పేజీలో ఉందో ముందే చూసి, కొట్టేయించండి.