రన్సిబుల్ చెంచాకు ముళ్ళు లేవు

ఇంగ్లీషు పదాల వింతలు చెప్పే పోస్టుల్లో ఒక సమాచారం చాలాకాలంగా చేతులు మారుతోంది. రన్సిబుల్ అంటే మూడు ముళ్ళు, ఒక పక్క పదునైన అంచు ఉన్న చెంచా అనీ, వింత పద్యాలు రాసి వాటికి బొమ్మలూ వేసిన 19వ శతాబ్దపు ఇంగ్లీషు కవి ఎడ్వర్డ్ లియర్ తన పద్యంలో చెప్పింది దాని గురించేననీ, రాన్సెస్‌వాల్స్ యుద్ధం వల్ల ఆ పేరు వచ్చిందనీ, ఆ మాటకు మరో అర్థం లేదనీ అందులో ఉంటుంది. లియర్ పుస్తకాలు తెరిచి చూస్తే ఇవేవీ నిలవవు.

గుడ్లగూబ, పిల్లి పెళ్ళి చేసుకుని ఖైమానూ క్విన్స్ పండు ముక్కలనూ రన్సిబుల్ చెంచాతో తిన్నాయని 1871 నాటి సంపుటిలోని పద్యం చెబుతుంది. పండు కోయడానికి అంచు కావాలి కదా అని కొందరు వాదిస్తారు గాని, పద్యంలో ఉన్నవి అప్పటికే తరిగిన ముక్కలు. ఖైమాకు కోతతో పనే లేదు. అంతకన్నా గట్టి సాక్ష్యం లియర్ చేతి గీతే. 1872లో వచ్చిన ఆయన బొమ్మల అక్షరమాలలో ఒక బాతు మచ్చల కప్పలను రన్సిబుల్ చెంచాతో పట్టుకుంటుంది. పక్కనే ఆయన వేసిన బొమ్మలో బాతు ముక్కున కరచుకున్నది గుండ్రటి గుంట ఉన్న మామూలు చెంచా, దానిలో ఒక కప్ప. ముళ్ళూ లేవు, పదునైన అంచూ లేదు.

ముళ్ళ చెంచా అనే అర్థం నిఘంటువుల్లో ఉన్నమాట నిజమే. అయితే అది లియర్ 1888లో కన్నుమూసిన తరువాత, 20వ శతాబ్దంలో చేరిన అర్థం. పద్యం ఇంటింటా ప్రసిద్ధమయ్యాక ఎవరో ఆ పేరు తీసుకుని ఒక వస్తువుకు పెట్టారు. తరువాత పుట్టిన వస్తువును చూపించి ముందు రాసిన పద్యానికి అర్థం చెప్పడం తలకిందుల పని.

యుద్ధం సంగతి క్లుప్తంగా చెప్పవచ్చు. 778లో ఫ్రాంకుల రాజు షార్లమేన్ సేన వెనుక దళం దెబ్బతిన్న రాన్సెస్‌వాల్స్ కనుమ పేరును పోలిన రౌన్సివల్ అనే పాత మాట ఇంగ్లీషులో పెద్ద రకం బఠానీకి ఉండేది. దాని చప్పుడు లియర్ చెవిలో ఉండి ఉండవచ్చు, అది కాదనను. కానీ చప్పుడు వచ్చిన చోటు తెలిసినంత మాత్రాన అర్థం తేలిపోదు, చెంచాకు కత్తి అంచూ రాదు.

మరో అర్థం లేదన్న మాటే అన్నిటికన్నా పెద్ద పొరపాటు. బాతు చేత చెంచా పట్టించిన ఆ అక్షరమాలలోనే తెల్ల విగ్గు పెట్టుకుని తివాచీ చీపురుతో ఎగిరిపోయే కాకి కూడా రన్సిబులే. 1877 నాటి మరో పద్యంలో జొబిస్కా అత్త పెంచుకునే ఎర్ర మీసాల పిల్లి రన్సిబుల్ అయింది. లియర్ తన గురించి తానే రాసుకున్న పద్యంలో నెత్తిమీది టోపీ రన్సిబుల్ అయింది. కాకికీ పిల్లికీ టోపీకీ చెంచాకీ పొసిగే ఒక్క నిర్వచనం ఎంత వెదికినా దొరకదు. లియర్‌కు కావలసింది ఆ మాట నోట్లో పలికినప్పుడు కలిగే గాంభీర్యమూ గిలిగింతా. ప్రతి చోటా పక్కనున్న నామవాచకాన్ని బట్టి దానికి కొత్త రంగు వస్తుంది.

ఈ పద్ధతిని మన వాళ్ళు సులువుగా పట్టుకోగల పద్యం ఒకటుంది. 1873 చివర నుంచి ఏడాదికి పైగా భారతదేశంలో తిరిగిన లియర్, 1874 జూలైలో బొంబాయి టైమ్స్ ఆఫ్ ఇండియాలో ‘కమ్మర్‌బండ్’ అనే పద్యం అచ్చు వేయించాడు. అందులో నాయిక దోబీ మీద కూర్చుంటుంది, బంగారు రెక్కల చప్రాసీలు నదిలో ఈదుతారు, చెట్ల కొమ్మల మీద ఆకుపచ్చని ఆయాలు వాలి ఉంటారు, నడుముకు చుట్టే కమ్మర్‌బండ్ మనిషిని మింగే భూతమవుతుంది. చప్రాసీ అంటే బంట్రోతు అని తెలిసిన మనం, అది చేప పేరు కాబోలని నిఘంటువులో రాసుకోము గదా! కాళ్ళాగజ్జీ కంకాళమ్మ పాటలో గజ్జి మందు దాచారని చెప్పుకునే వివరణ కూడా నాకు ఇలాంటిదే అనిపిస్తుంది; కాళ్ళు చాపి కూర్చుని పాడుకునే పిల్లలకు కావలసింది లయ.

గుడ్లగూబ, పిల్లి పద్యాన్ని పిల్లల కోసం తెలుగు చేసేవారికి ఒక మనవి. ‘మూడు ముళ్ళ చెంచా’ అని రాస్తే, గుడ్లగూబ పెళ్ళి కథలో మనకు మంగళసూత్రం గుర్తుకొస్తుందే తప్ప లియర్ మాట వినిపించదు. రన్సిబుల్‌ను రన్సిబుల్‌గానే ఉంచండి, లేదా అంత గమ్మత్తుగా పలికే కొత్త మాట ఒకటి కట్టండి.