ట్రిప్ అయ్యే బోర్డు మన కొంపకొద్దు

పాత ఇంట్లో మెయిన్ బోర్డు మార్చుకోమని ఎలక్ట్రీషియన్లంతా కూడబలుక్కున్నట్టు చెబుతున్నారు. ఈ కుట్రను మొగ్గలోనే తుంచాలి.

చెక్క పలక మీద నల్లబడ్డ పింగాణీ ఫ్యూజులతో ఏళ్ల తరబడి కిక్కురుమనకుండా పడి ఉన్న ఆ బోర్డు చేసిన పాపమేంటి? గీజరు పెట్టాం, ఏసీ బిగించాం, ఎక్స్‌టెన్షన్ బాక్సుకి ఇంకో ఎక్స్‌టెన్షన్ తగిలించాం, ఒక్కసారైనా కాదన్నదా? సరే, మొదట్లో అన్నది. ఫ్యూజు పోయేది. విసుగొచ్చి ఇంటిపెద్ద ఎక్కడో మిగిలిన రాగి తీగను రెండు పేటలు మెలేసి ఫ్యూజులో చుట్టేశాడు. అంతే, ఆ రోజు నుంచి ఫ్యూజు పోయిందే లేదు. కరెంటు రెట్టింపైతే తీగలో పుట్టే వేడి నాలుగు రెట్లవుతుందట, కాబట్టి ఇక కాలాల్సి వస్తే గోడలో వైరే కాలుతుంది, కానీ అది గోడలో కదా, మనకు కనిపించదు.

పాత బోర్డుకి ఇంకో మర్యాద ఉంది. చాలావాటిలో ఫేజుకొక ఫ్యూజు, న్యూట్రల్‌కొక ఫ్యూజు. న్యూట్రల్‌ది పోయిందనుకోండి, బల్బు ఆరిపోతుంది, ఫేజు మాత్రం హోల్డరు దాకా నిక్షేపంగా వస్తూనే ఉంటుంది. కరెంటు లేదనుకుని అందులో వేలు పెట్టినవాడికే అసలు సంగతి తెలిసేది.

ఇక కొత్త బోర్డులో ఫ్యూజు బదులు పెట్టే ఎంసీబీ అనే స్విచ్చు. 1924లో జర్మనీలో హ్యూగో స్టోట్జ్ పేటెంట్ తీసుకున్నప్పటి నుంచీ దీనికి ఒకటే బుద్ధి: లోడు ఎక్కువైతే లోపల రెండు లోహాల పట్టీ వేడికి వంగుతుంది, షార్టయితే కాయిల్ లాగుతుంది, టక్కున పడిపోతుంది. దీనికి మందు మన దగ్గర ఉండనే ఉంది. 16 ఆంపియర్లది ఊరికే పడిపోతోందా? 32 పెట్టించండి. వైరు ఎంత మోయగలదని ఎవరడిగారు, ఎంసీబీ పడకపోతే చాలు.

ఆర్‌సీసీబీ అనే లీకేజీ స్విచ్చయితే మరీ అనుమానపు పక్షి. ఫేజులో ఎంత వెళ్లింది, న్యూట్రల్‌లో ఎంత తిరిగొచ్చింది అని క్షణక్షణం లెక్క చూసుకుంటుంది, ఇళ్లలో పెట్టేదైతే 30 మిల్లీ ఆంపియర్ల తేడా వచ్చినా, అంటే అంత కరెంటు ఎవరి ఒంట్లోంచైనా నేలలోకి కారినా, కట్ చేస్తుంది. మనిషిని చంపడానికి ఆంపియర్‌లో పదో వంతు సరిపోతుంది నిజమే, కానీ అంత స్వల్ప విషయానికి 16 ఆంపియర్ల ఎంసీబీ తల కూడా తిప్పదు, పెద్దమనిషి తరహా అంటే అదీ! ఈ ఆర్‌సీసీబీ మాత్రం గీజరు ఎలిమెంటు కాస్త లీకైనా ఊరుకోదు. అలాంటప్పుడు గీజరు బాగుచేయించేవాడు తెలివితక్కువవాడు, ఆర్‌సీసీబీని బైపాస్ చేయించేవాడు లోకజ్ఞానం ఉన్నవాడు. దాని మీద 'టీ' అని రాసిన టెస్ట్ బటన్ ఒకటుంటుంది, అప్పుడప్పుడూ నొక్కి చూడాలట. నొక్కితే ఫ్రిజ్ ఆగిపోదూ?

అంతగా మోజు పడితే పైపైన మార్చుకోండి, నేనేం కాదనను. పాత పలక పీకేసి మెరిసే తెల్ల డబ్బా పెట్టించి, ముట్టుకుంటే ఇన్సులేషన్ పొడిపొడిగా రాలే పాత వైర్లనే దానికి కలిపించండి. ప్లగ్గులన్నీ త్రీపిన్ చేయించండి, మూడో రంధ్రానికి వెనక ఎర్త్ వైరు ఉందో లేదో చుట్టాలు చూడరు. ఎర్త్ ఎందుకు లేదని ఎవరైనా నిలదీస్తే అక్కడే ఉన్న న్యూట్రల్‌ని దానికి చుట్టేసే మహానుభావులూ ఉన్నారు. అప్పుడు ఎక్కడైనా న్యూట్రల్ తెగితే వాషింగ్ మెషీన్ బాడీకే ఫేజు వస్తుంది, అది వేరే సంగతి.

ఒక్క జాగ్రత్త. ఎలక్ట్రీషియన్‌ని పెయింటింగ్‌కి ముందు పిలవకండి. మెగ్గరు అనే మీటరు తెచ్చి ఇన్సులేషన్ చూస్తానంటాడు, వైర్లు మార్చాలంటాడు, ఎర్తింగ్ కొత్తగా వేయాలంటాడు. గోడలకి రెండో కోటు ఆరాక పిలవండి. గోడ కొట్టాలనే మాట అతని నోటి నుంచి రాగానే ఇంటిల్లిపాదీ మనవైపే.